ఆటలో పడితే పిల్లలు చెడిపోరా?

"ఏదో ఒక ఆటలో పడేస్తే వాడే దారిలోకి వస్తాడు సార్." వాలీబాల్ కోచింగ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఈ మాట అనని తండ్రి నాకు తగల్లేదు. ఇది పదిహేను, పదహారేళ్ల మగపిల్లల గురించి అనే మాట. ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగేవి వేరు. ప్రాక్టీస్ ఎన్నింటికి అయిపోతుంది, చీకటి పడితే ఎవరు తోడుంటారు, బయటి మ్యాచ్‌లకి వెళ్తే గదులు ఎలా ఇస్తారు, మేడం కూడా వస్తారా. క్లబ్బు ఒకటే, కోర్టు ఒకటే. కూతురికి ఏమైనా జరుగుతుందేమోనన్న భయం అందరికీ ఉంది. కొడుకు ఎవరికైనా ఏమైనా చేస్తాడేమోనన్న అనుమానం మాత్రం ఒక్కరికీ రాలేదు. మరి ఆ చేసేవాళ్లంతా ఎవరి పిల్లలు?

నేను ఆటకి వ్యతిరేకిని కాదు. సాయంత్రాలన్నీ జిమ్ హాల్లోనే గడిపేవాణ్ణి, ఎలా అవుతాను? ఓడిపోయినా చెయ్యి కలపడం, పక్కవాడి తప్పుకి వాడి మీద అరవకపోవడం, టైముకి రావడం, ఇవన్నీ ఆటలో అబ్బుతాయి. కానీ అవి బంతి ముట్టుకోగానే వచ్చెయ్యవు. జట్టు మైకులాంటిది. దాని ముందు ఏది మాట్లాడితే అదే పెద్దగా వినిపిస్తుంది. మంచి మాటైనా అంతే, చెత్త మాటైనా అంతే.

కాలిఫోర్నియాలో హైస్కూల్ ఆటగాళ్లని ప్రశ్నించి చేసిన ఒక పరిశోధన 2014లో వచ్చింది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడే అబ్బాయిల్లో, గర్ల్‌ఫ్రెండ్‌ని తిట్టడమో కొట్టడమో బలవంతపెట్టడమో చేశామని చెప్పినవాళ్లు, ఈత, టెన్నిస్ లాంటివి ఆడేవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. ఇది చదివి, దెబ్బలాడే ఆట కాబట్టి దెబ్బలాడే బుద్ధి వస్తుందని తేల్చేయడం తేలిక. నాకు అలా అనిపించలేదు. ఆ రెండూ అక్కడి స్కూళ్లలో అందరూ చప్పట్లు కొట్టే ఆటలు. ఏం చేసినా ఎవరూ ఏమీ అనరన్న ధీమా పదహారేళ్లకే వచ్చేస్తే, అది కోర్టు దాటి బయటికి రాకుండా ఉంటుందా? బలం కంటే నాకు ఆ ధీమాయే ఎక్కువ భయం.

2012 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, స్టూబెన్‌విల్‌లో జరిగింది చూడండి. హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే పడి చచ్చే ఊరు. పార్టీల్లో తాగి స్పృహ లేని పదహారేళ్ల అమ్మాయి మీద ఆ జట్టు కుర్రాళ్లు ఇద్దరు అత్యాచారం చేశారు. 2013 మార్చిలో బాలనేరస్తుల కోర్టు ఇద్దర్నీ దోషులన్నది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ ఇద్దరి సంగతి కాదు, చుట్టూ ఉన్నవాళ్ల సంగతి. ఫోటోలు తీసినవాళ్లు, పంచుకున్నవాళ్లు, వీడియోలో పగలబడి నవ్వినవాడు. ఆ ఫోన్లలో ఉన్నవే తర్వాత సాక్ష్యమయ్యాయి. అంతమంది చూశారు, గట్టిగా అడ్డంపడి ఆపినవాడు లేడు. కేసు బయటపడ్డాక కూడా ఊళ్లో కొందరికి జట్టు పరువే ముఖ్యమైంది.

ఇంత దాకా పోయేది ఎక్కడ మొదలవుతుందో మా డ్రెస్సింగ్ రూమ్‌లోనే చూశాను.

బంతికి గాలి కొట్టే సూది కోసం వెళ్లాను. పిల్లలు మోకాళ్ల ప్యాడ్లు విప్పి బెంచీ మీద ఆరేసుకుని, ఒక ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. నన్ను చూడగానే నవ్వు ఆగింది. అడిగితే చూపించారు. అమ్మాయిల జట్టులో అందరి ఫోటోలూ ఉన్నాయి, ఒక్కొక్కరి కింద పదికి ఇన్ని అని మార్కులు. ఆటకి కాదు, ఒంటికి. ఒకమ్మాయి ఫోటో అయితే బంతి లేపడానికి వంగినప్పుడు వెనక నుంచి తీసింది. "సరదాకి కోచ్," అన్నాడు ఫోన్ పట్టుకున్నవాడు. వెనక వరసలో ఉండి బంతి లేపే మా లిబెరో మాత్రం తలెత్తలేదు. షూ లేసు విప్పడం, కట్టడం, మళ్లీ విప్పడం.

ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. ఫోటోలు తీసేయించి, తర్వాత ఒక్కొక్కణ్ణీ విడివిడిగా, హాలు తలుపు తీసే ఉంచి, పలకరించాను. జాబితా తయారు చేసింది ఇద్దరు. ఇంకో ముగ్గురికి నిజంగానే అది నవ్వులాటగా ఉంది. మిగతావాళ్లందరూ ఇంచుమించు ఒకే మాట చెప్పారు: నాకు నచ్చలేదు కోచ్, కానీ అందరూ ఎంజాయ్ చేస్తుంటే నేనొక్కణ్ణి ఏమంటాను? జట్టులో సగానికి పైగా అదే అనుకుంటున్నారు, ఎవడికి వాడు తానొక్కడే అనుకుంటున్నాడు. ఇది మా దగ్గరే జరిగే వింత కాదు. ఇలాంటి మాటలు తోటివాళ్లకి ఎంత ఇష్టమో మగపిల్లలు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారని పరిశోధనల్లో పదే పదే తేలింది.

దాన్ని ఆపింది కూడా నేను కాదు. తర్వాత ఎప్పుడో ఎవడో మళ్లీ మొదలుపెట్టబోతే మా సెట్టర్, "ఒరేయ్, ఇదేం చెత్త గోలరా, ఆపు" అన్నాడట, సాక్సులు వేసుకుంటూ. అంతే. సెట్టర్ చేతిలోంచి వెళ్తే గానీ ఎవడికీ బంతి రాదు కదా, వాడి మాటకి ఉండే విలువ నా మాటకి ఎక్కడిది!

క్రీడల్లో లైంగిక వేధింపులు అనగానే అందరికీ గుర్తొచ్చేది కోచ్. లేదా డాక్టర్. అందులో అబద్ధమేమీ లేదు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్‌కి శిక్ష వేసే ముందు, 2018 జనవరిలో మిషిగన్ కోర్టులో 150 మందికి పైగా తమకి జరిగింది చెప్పారు. 1997లోనే ఒక కోచ్‌కి చెప్పుకున్నామని అన్నవాళ్లూ ఉన్నారు. ఇరవై ఏళ్లు! ఇంగ్లండ్‌లో 2016లో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఫుట్‌బాలర్, చిన్నప్పుడు కోచ్ తనని ఏం చేశాడో పేరుతో సహా బయటికి వచ్చి చెప్పాకే, అంతకాలం నోరు మెదపని మగవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చారు. మగపిల్లలకి జరగదనుకునేవాళ్లు ఆ ఒక్క సంగతి చదివినా చాలు.

అయితే పెద్దవాళ్ల మీదే కన్నేసి ఉంచితే ఇంకో సగం కనపడదు. బ్రిటన్‌లో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్లు 18 నుంచి 22 ఏళ్ల వయసున్న దాదాపు 6,000 మందిని, చిన్నప్పుడు ఆటల్లో మీకేం జరిగింది అని అడిగారు. ఆ నివేదిక 2011లో వచ్చింది. లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్లు 29 శాతం, అంతకంటే తీవ్రమైన లైంగిక హాని జరిగిందన్నవాళ్లు 3 శాతం. ఎవరు చేశారంటే, అన్ని రకాల్లోనూ ముందు వరసలో ఉన్నది తోటి పిల్లలు. కోచ్‌లు కొన్నిచోట్ల గట్టిగా అడ్డుచెప్పలేదు. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో 4,000 మందికి పైగా పెద్దవాళ్లని ఇలాగే అడిగితే, పిల్లలుగా ఆడిన రోజుల్లో ఏదో ఒక రకమైన లైంగిక హింస ఎదురైందని 14 శాతం మంది చెప్పారు. ఆట బయట కూడా బాగుందని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం, ప్రేమలోనో పెళ్లిలోనో ఉన్న 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 24 శాతం మంది ఇరవై ఏళ్లు నిండకముందే ఆ మగవాడి చేతిలో దెబ్బలో లైంగిక హింసో చవిచూశారు. అంటే మన కోర్టు మీదికి వచ్చే పిల్లలు ఖాళీ పలకలతో రారు. ఇంట్లో, ఫోన్లో, క్లాసులో చూసిందంతా మోసుకునే వస్తారు.

అమ్మాయిల జట్టు చూసే మేడం, నేను ఎదురెదురు కోర్టుల్లో ప్రాక్టీస్ చేయిస్తాం. ఒక సీజన్ మధ్యలో, బాగా ఆడే అమ్మాయి ఒకతె మానేసింది. కారణం మోకాలి నొప్పి. మేడం వాళ్లింటికి ఫోన్ చేస్తే తల్లి కూడా మోకాలే అంది. చాలా రోజుల తర్వాత ఆ అమ్మాయి వేరే మాట చెప్పింది. సర్వీస్ చెయ్యడానికి లైన్ దగ్గర నిలబడ్డప్పుడల్లా గోడ దగ్గర కూర్చున్న అబ్బాయిలు చేసే శబ్దాలు. రోజూ. నెట్ దగ్గరికి వచ్చినప్పుడు "అనుకోకుండా" తగిలే చేతులు. ఎవరికి చెప్పినా "పట్టించుకోకు, ఆట మీద ధ్యాస పెట్టు" అన్నారట. ఆటలో పెడితే అమ్మాయిలకి ధైర్యం వస్తుందంటారు. వస్తుంది, నేను చూశాను కూడా. కానీ ఆ ధైర్యమంతా వాళ్లు తట్టుకోవడానికే ఖర్చైపోతే ఎలా? మోకాలు నొప్పి అని మానేసిన పిల్లలు ఎంతమందో, వాళ్లలో నిజంగా మోకాలు నొప్పి ఎంతమందికో అని ఇప్పుడు అనుమానం వస్తుంటుంది.

మగపిల్లల మధ్య జరిగేది ఇంకా లోపలే ఉండిపోతుంది. కొత్తగా జట్టులోకి వచ్చినవాణ్ణి సీనియర్లు "కలుపుకోవడం" అని ఒకటుంటుంది. బట్టలు లాగేయడం, తువ్వాలుతో కొట్టడం, అందరి ముందూ ఏదో చేయించి ఫోన్లో తీయడం. ర్యాగింగ్ అనీ అనరు దాన్ని, సరదా అంటారు. నిరుడు పడ్డవాడే ఈ ఏడాది ముందుండి చేయిస్తాడు. అది లైంగిక హింసేనని ఎవడైనా అంటే వాడే పిరికివాడు. అందుకని మా దగ్గర ఒకటి గట్టిగా పెట్టాం: డ్రెస్సింగ్ రూమ్‌లోకి ఫోన్ వెళ్లదు. పిల్లలు గొడవ చేశారు, అలవాటైపోయింది. పెద్దవాళ్లు కూడా అంతే, కోచ్ అయినా, ఫిజియో అయినా, ఒంటరిగా ఒక పిల్లతోనో పిల్లాడితోనో మూసిన గదిలో ఉండరు. భుజం సరిచేయాలన్నా "పట్టుకుని చూపించనా?" అని అడిగాకే. మొదట్లో నాకే నోట్లో అడ్డంపడేది, ఇప్పుడు ఊత పదంలా వచ్చేస్తోంది.

నియమాలు సరే, మాటలు ఎలా మొదలుపెట్టాలి? నాకు ఇక్కడ పనికొచ్చింది ఫ్యూచర్స్ వితౌట్ వయొలెన్స్ అనే అమెరికా సంస్థ కోచ్‌ల కోసం తయారు చేసిన పద్ధతి. పేరు 'కోచింగ్ బాయ్స్ ఇన్టూ మెన్'. సీజన్ పొడుగునా వారానికొక కార్డు, దాని మీద పావుగంట మాట. అవమానించే భాష, గొప్పలు చెప్పుకోవడం, ఫోన్లో వేధించడం, ఒప్పుకోలు (అంటే ముట్టుకునే ముందు ఎదుటి మనిషి ఇష్టం అడగడం), చూస్తూ ఊరుకోకపోవడం. చెప్పేది బయట నుంచి వచ్చిన నిపుణుడు కాదు, రోజూ ఈల ఊదే కోచే. శాక్రమెంటో ప్రాంతంలో 16 హైస్కూళ్లలో, దాదాపు 2,000 మంది ఆటగాళ్లతో దీన్ని పరీక్షించారు. 2012లో వచ్చిన ఫలితాల్లో, సీజన్ అయ్యేసరికి పక్కవాడు తప్పు చేస్తుంటే అడ్డుపడే గుణం పెరిగింది. ఏడాది తర్వాత మళ్లీ అడిగితే, మిగతా స్కూళ్ల పిల్లలతో పోలిస్తే గర్ల్‌ఫ్రెండ్‌ని హింసించడం తక్కువ, తోటివాడు చేస్తుంటే నవ్వడం, చూడనట్టు ఉండటం కూడా తక్కువ. ముంబైలో క్రికెట్ కోచ్‌ల కోసం 'పరివర్తన్' పేరుతో దీన్నే మలిచి వాడారు. ఇది మంత్రం కాదు. పావుగంటతో మనుషులు మారిపోరు. కానీ ఖర్చు లేదు, ప్రాక్టీస్ టైమూ పెద్దగా తినదు. సర్వీస్‌కి ఎంత టైమిస్తామో చూసుకుంటే ఇది ఎంతని!

నేను దీన్ని ఆఖర్లో, పిల్లలు నేల మీద పడుకుని కాళ్లు సాగదీసుకునేటప్పుడు పెడతాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకోనక్కర్లేదు, పైకప్పు చూస్తూ మాట్లాడొచ్చు. ఒప్పుకోలు గురించి వచ్చిన వారం ఒకడు అన్నాడు, "ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే మూడ్ పోతుంది కోచ్."

"ఎవరి మూడ్ రా?" అన్నాను. నవ్వారు.

కాసేపాగి, ఎప్పుడూ నోరు విప్పని బ్లాకర్ ఒకడు పైకప్పు చూస్తూనే అన్నాడు: "మూడ్ కాదు కోచ్. అడిగితే వద్దంటుందేమోనని భయం. అందుకే అడగం."

ఎవరూ నవ్వలేదు. నేను ఏ కార్డు చదివినా అంత సూటిగా చెప్పగలిగేవాణ్ణి కాదు. వద్దంటుందని తెలిసే అడగకపోవడం అంటే ఏమిటో ఆ తర్వాత వాళ్లే మాట్లాడుకున్నారు. ఆమె వద్దనలేదు కదా అన్న వాదం ఆ రోజుతో మా హాల్లో బలం పోగొట్టుకుంది. నిద్రలో ఉన్నా, తాగి ఉన్నా, భయంతో బిగుసుకుపోయినా వద్దనే మాట నోట రాదని నేను కలిపాను.

మాటలు చెప్పడం వరకూ బాగానే ఉంటుంది, అసలు పరీక్ష టోర్నమెంట్ ముందు వస్తుంది. మా జట్టులో అందరికంటే గట్టిగా స్పైక్ కొట్టే కుర్రాడు, విడిపోయాక కోపంతో, ఒకమ్మాయి తనకి మాత్రమే పంపిన ఫోటోని గ్రూపులో పెట్టాడు. ఆ వారంలోనే మ్యాచ్‌లు. కమిటీలో ఒక పెద్దాయన, "టోర్నమెంట్ కానివ్వండి, తర్వాత చూద్దాం, కుర్రాడి భవిష్యత్తు" అన్నాడు. అరగంట సేపు భవిష్యత్తు అన్న మాట చాలాసార్లు వినపడింది, ఆ అమ్మాయి పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఇంకొకాయన, "అసలు ఫోటో ఏంటో నాకూ పంపండి, చూసి నిర్ణయిద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిది నిండని పిల్ల ఫోటోని విచారణ పేరుతో ఇంకో ఫోన్‌కి పంపడమంటే అదే తప్పు మళ్లీ చెయ్యడం. ఎవరూ చూడనక్కర్లేదు, పంపనక్కర్లేదు. అమ్మాయి ఇంట్లోవాళ్లకి చెప్పాలి, పోలీసులకీ తెలియజేయాలి. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సారీ చెప్పించి పంపేద్దామన్న సలహా కూడా వచ్చింది. అలాంటి సారీ ఎవరి ప్రశాంతత కోసమో అడగండి, అమ్మాయి కోసం మాత్రం కాదు.

మేడం నా వైపు నిలబడ్డారు. కుర్రాణ్ణి పక్కన పెట్టి వెళ్లాం, తొందరగానే ఓడిపోయి వచ్చాం. వాడి తండ్రి ఇప్పటికీ నాతో మాట్లాడడు. వాడు నాకేమీ శత్రువు కాదు, పదహారేళ్ల పిల్లాడు. ఆ అమ్మాయి పక్క కోర్టులో నిశ్చింతగా ఆడగలిగితేనే వాడు తిరిగి రావడం గురించి ఆలోచిస్తానని చెప్పాను. ఆ నిర్ణయం ఆ అమ్మాయి మీద భారం వెయ్యకుండా ఎలా తీసుకోవాలన్నది మేడంతో ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. ప్రాక్టీస్ టైములు వేరు చేద్దామని ఆమె అంటారు. వేరు చేస్తే ఎవరి టైము మార్చాలి? మారాల్సింది అమ్మాయిల టైము కాదన్న వరకూ మాత్రం ఇద్దరం ఒకటే.

ఎవరైనా పిల్ల వచ్చి చెప్పుకుంటే ఏం చెయ్యాలో కొత్త కోచ్‌లకి ఇప్పుడు ముందే చెప్తున్నాం. వినాలి. నమ్ముతున్నానని చెప్పాలి. "నువ్వెందుకు వెళ్లావు, ఏం వేసుకున్నావు" అనకూడదు. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. విన్నది ఆ పిల్ల మాటల్లోనే రాసిపెట్టాలి, మన భాషలోకి సర్దకూడదు. మిగతా దర్యాప్తు మన పని కాదు.

వచ్చే కమిటీ మీటింగ్‌కి నేను ఒక అంశం పెట్టాను. హాలు గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది: "ఏ ఇబ్బంది వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యండి" అని. దాని కింద ఉన్న నంబరు నాది. ఇబ్బంది నా వల్లే వస్తే పిల్లలు ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆ చోట క్లబ్బుతో, జట్టుతో, గెలుపోటములతో సంబంధం లేని మనిషి నంబరు ఉండాలని అడుగుతున్నాను. "మీ మీద మాకు నమ్మకం ఉంది సార్, ఇప్పుడు ఇదంతా ఎందుకు" అని అప్పుడే ఇద్దరు ఫోన్ చేశారు.